ప్రార్థన కూడికలో చిన్న సంతోషాలు పంచుకోవడం ఎలా?

మా ఇంటి ప్రార్థన కూడికలో ఏడుగురం. ప్రతి బుధవారం రాత్రి 7:30 నుంచి గంటసేపు. మూడు నెలల క్రితం మొదటి 10 నిమిషాలు 'ఈ వారం దేవుడిచ్చిన ఒక చిన్న సంతోషం' చెప్పుకుందామని పెట్టాను. రెండు వారాలు బాగానే సాగింది. తర్వాత అందరిదీ ఒకటే మాట: "దేవుని కృప, బాగున్నాం." ఆపైన మౌనం.

వాట్సాప్‌లో రాయమంటే వాక్యాల ఫోటోలు ఫార్వర్డ్ చేశారు. నేనైతే 6 వారాలు రోజూ రాత్రి నోట్‌బుక్‌లో మూడేసి రాశాను. మూడో వారానికే ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం అంటూ హాజరు పట్టీలా తయారైంది.

ఒకరోజు బైబిల్లో ఫిలిప్పీ 4:4 ('ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి') చదివి, అపొస్తలుడైన పౌలు ఈ మాట చెరసాల బంధకాల్లో ఉండి రాశాడని చెప్పాను. అది బెడిసికొట్టింది. ఈమధ్యే ఉద్యోగం పోయిన అక్క ఒకరు తల దించుకుని కూర్చున్నారు. సంతోషం లేకపోతే విశ్వాసం లేనట్టే అని నేను అన్నట్టు ఆమెకు వినిపించిందట. (అలా అనలేదు, కానీ నా స్వరంలో ఏదో ఉండే ఉంటుంది.)

అప్పుడు రోమా 12:15 గుర్తొచ్చింది: సంతోషించేవారితో సంతోషించండి, ఏడ్చేవారితో ఏడవండి అని. సంతోషించేవారూ ఏడ్చేవారూ ఒకే వచనంలో ఉన్నారు కదా, ఏదైనా చెప్పొచ్చు అన్నాను. ఇప్పుడు బాధలే వస్తున్నాయి, 10 నిమిషాలు కాస్తా 40 అవుతున్నాయి. వాటిని ఆపాలని లేదు.

కష్టంలో ఉన్నవాళ్లు నొచ్చుకోకుండా, మిగతావాళ్లు మొక్కుబడిగా జవాబివ్వకుండా ఉండాలంటే, మీ కూడికలో మొదట ఏ ప్రశ్న అడుగుతారు?