పాత ల్యాండ్‌లైన్ సెట్లకు ఫైబర్ లైను, సిమ్ కాల్స్ రెండూ కలపడం ఎలా? (పర్లాకిమిడి)

మహేంద్రతనయ_గట్టు:
కింద కొట్టు, పైన ఇల్లు. గోడల్లో పాత టెలిఫోను వైరింగ్, మూడు సెట్లు: కొట్లో బటన్ల సెట్టు, హాల్లో కార్డ్‌లెస్, లోపలి గదిలో ఐటీఐ కంపెనీ చక్రం ఫోను. రాగి లైను పోయి ఫైబర్ వచ్చింది. ఫైబర్ పెట్టె వెనక ఫోన్ పోర్టులో ఒక సెట్టు పెడితే బాగానే పనిచేస్తోంది. నా సందేహాలు ఇవి. ఆ పోర్టును గోడ వైరింగ్‌కి కలిపితే మూడూ మోగుతాయా? చక్రం ఫోనులో డయల్ టోన్ వస్తోంది గానీ ఎంత తిప్పినా నంబరు పోదు, ఎందుకు? కొట్లో మొబైల్ సిగ్నల్ ఉండదు, మేడ మీదే వస్తుంది. అక్కడ జియో సిమ్ ఒకటి పెట్టి దాని కాల్స్ కూడా ఈ సెట్లకే వచ్చేలా చేయొచ్చా?

రోసెట్_రామ్:
కలపొచ్చు మాస్టారూ, కానీ అన్నిటికంటే ముందు స్తంభం నుంచి ఇంటికొచ్చే బయటి డ్రాప్ వైరును ఇంటి వైరింగ్ నుంచి విడదీయండి. చాలామంది పెట్టెలు కాల్చుకునేది ఇక్కడే. మీ ఫైబర్ పెట్టెలో ఉన్నది ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టు. అంటే ఎక్స్ఛేంజీ చేసే పని అదే చేస్తుంది: సుమారు 48 వోల్టుల డీసీ ఇస్తుంది, డయల్ టోన్ ఇస్తుంది, గంట మోగించడానికి ఏసీ పంపుతుంది. అవతల రాగి జతలో ఇంకా కరెంటు ఉంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. లైను చచ్చిపోయిందని అనుకున్నా సరే, స్తంభం నుంచి వేలాడే తీగను అలాగే వదిలేయకండి. మన కొండల వైపు పిడుగులు తెలుసు కదా, అవి నేరుగా పెట్టెలోకి దిగుతాయి.

గోడకున్న మొదటి రోసెట్ (ఫోన్ తీగ గుచ్చే చిన్న పెట్టె) విప్పి బయటి జతను తీసి విడివిడిగా టేపు చుట్టండి. ఫోనునూ నెట్‌నూ వేరుచేసే పాత బ్రాడ్‌బ్యాండ్ స్ప్లిటర్ ఉంటే అదీ పీకేయండి. మూడు సెట్లూ తీసేసి ఇంటి జత మీద మల్టీమీటరు పెట్టండి: డీసీ వోల్టేజి సున్నా ఉండాలి, ఓమ్స్‌లో ఓపెన్ (రెండు తీగలూ ఎక్కడా కలవనట్టు) చూపించాలి. ఆ రెండూ సరిపోయాకే ఫోన్ పోర్టు నుంచి ఆర్‌జే11 (మామూలు ఫోన్ ప్లగ్గు) తీగ తెచ్చి ఏదో ఒక రోసెట్‌లో గుచ్చండి. మధ్య రెండు పిన్నులే పనిచేస్తాయి. పాత సెట్లలో కొన్నిటికి తీగలు తారుమారైతే బటన్లు పలకవు, అప్పుడు రెండూ మార్చి చూడండి.

చక్రం_బాబాయ్:
చక్రం ఫోను సంగతి నేను చెప్తాను. అది తిప్పినప్పుడు లైనును సెకనుకు పదిసార్లు చొప్పున తెంపి కలుపుతుంది, అంటే పల్స్. మీ పెట్టెకు అర్థమయ్యేది టోన్, అంటే బటన్ నొక్కితే వచ్చే శబ్దం మాత్రమే. సెట్టులో ఏ లోపమూ లేదు, విప్పి పాడుచేయకండి. పల్స్‌ను టోన్‌గా మార్చే చిన్న కన్వర్టరు ఆ సెట్టుకు ముందు పెట్టండి, లేదా వచ్చే కాల్స్‌కు మాత్రమే వాడుకోండి. అన్నట్టు కొట్లో బటన్ల సెట్టు అడుగున టీ/పీ అని మీట ఉంటుంది, అది టీ మీదే ఉందో లేదో చూడండి.

మూడూ మోగుతాయా అన్నారు. ఆ ఇత్తడి గంటలకు శక్తి ఎక్కువ కావాలి, ఈ పెట్టెలు ఎక్స్ఛేంజీ అంత బలంగా మోగించలేవు. గంట సన్నగా మోగినా, ఒక్క మోత మోగి ఆగినా చక్రం ఫోను గంట తీగ ఒకటి విప్పేయండి. మాట్లాడటానికి ఇబ్బంది ఉండదు, మిగతా రెండూ గట్టిగా మోగుతాయి.

మహేంద్రతనయ_గట్టు:
బయటి జత విప్పేశానండి. వోల్టేజి సున్నా. కానీ సెట్లన్నీ తీసినా ఓమ్స్‌లో 9 కిలో చూపిస్తోంది. కలపొచ్చా?

రోసెట్_రామ్:
వద్దు. 48 వోల్టులకు 9 కిలో ఓమ్స్ అంటే 5 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు ఊరికే కారిపోతోంది. ఎవరూ రిసీవరు ఎత్తకపోయినా ఎత్తినట్టు పెట్టె భ్రమపడే ప్రమాదం ఉంది. వానాకాలంలో ఈ ఓమ్స్ ఇంకా దిగుతాయి, అప్పుడు ఫోన్ చేసిన ప్రతివాడికీ ఎంగేజ్ వస్తుంది. ఎక్కడో తడి ఉంది. మధ్య రోసెట్‌లో తీగలు విడదీసి ఏ సగంలో 9 కిలో ఉందో చూడండి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. తొంభై పాళ్లు స్నానాల గది గోడకో, మేడ మెట్ల దగ్గరో ఉన్న రోసెట్ స్క్రూలకు పచ్చగా కిలుం పట్టి ఉంటుంది. దాన్ని తుడిచి బాగుచేయాలని చూడకండి, ఆ రోసెట్‌నే మార్చేయండి. అతుకులకు జెల్లీ నింపిన కనెక్టర్లు వాడండి, తీగలు మెలేసి టేపు చుడితే ఏడాదికి మళ్లీ ఇదే.

నాగావళి_ఇవతల:
సిమ్ దగ్గరికి వద్దాం. సిమ్ వేసే డబ్బా, వెనక ఆర్‌జే11 పోర్టు, బజారులో దొరికేవి చాలావరకు 2జీవి. జియోకి 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ అందులో పనిచేయదు. వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిచే పద్ధతి) ఉన్న 4జీ డబ్బానే కావాలి. అదీ కొనేముందు మీ సిమ్ వేయించి కాల్ చేసి చూడండి.

ఇంకో మెలిక ఉంది. ఆ డబ్బాలోదీ ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టే. దాన్నీ ఫైబర్ పెట్టెనూ ఒకే జతకు కలపకూడదు, రెండు ఎక్స్ఛేంజీలు కొట్టుకున్నట్టే. రెండూ కావాలంటే మధ్యలో చిన్న ఈపీఏబీఎక్స్, అంటే ఆఫీసుల్లో వాడే ఇంటర్‌కమ్ ఎక్స్ఛేంజీ ఉండాలి. 208 రకం చాలు: రెండు లైన్లు లోపలికి, ఎనిమిది ఎక్స్‌టెన్షన్లు బయటికి. అయితే ఎక్స్‌టెన్షన్‌కి ఒక జత చొప్పున వైరు లాగాలి, మీ పాత వైరింగేమో అన్నిటికీ ఒకే జత.

ఇంత అవసరమా అని నా ప్రశ్న. ఫైబర్ ఉంది కదా, మొబైల్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే కొట్లో సిగ్నల్ లేకపోయినా కాల్స్ వస్తాయి. లేదా మొబైల్ సెట్టింగ్స్‌లో 'అందుబాటులో లేనప్పుడు' అనే చోట మీ ఫైబర్ నంబరు ఎస్‌టీడీ కోడ్‌తో ఇవ్వండి. సిగ్నల్ పోయినప్పుడల్లా కాల్ మీ మూడు సెట్లకు దూకుతుంది, పైసా సామాను అక్కర్లేదు. ఓటీపీ మెసేజీలు మాత్రం అలా రావు. నక్షత్రం గుర్తు కోడ్‌లు కొట్టి ఫార్వర్డ్ చేసే పాత పద్ధతి నెట్‌లో కనిపిస్తే పట్టించుకోకండి. మోసాల వల్ల 2024 ఏప్రిల్ 15 నుంచి వాటిని ఆపమని టెలికాం శాఖ కంపెనీలకు చెప్పింది.

మహేంద్రతనయ_గట్టు:
ఫార్వర్డింగే చేస్తాను. విదేశంలో ఉన్న తమ్ముడు ఇంటర్నెట్ ద్వారా మా ఇంటి లైనులోకి వచ్చి ఇక్కడి నంబర్లకు లోకల్‌గా చేసుకునేలా అడాప్టరు పెట్టమంటున్నాడు. ఏమంటారు?

రోసెట్_రామ్:
పెట్టొద్దు. ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టు (ఫోను సెట్టులా లైనుకు తగిలించేది) ఉన్న అడాప్టరుతో సాంకేతికంగా అయిపోతుంది గానీ, లైసెన్సు లేకుండా విదేశీ ఇంటర్నెట్ కాల్‌ను ఇక్కడి లైనులోకి మళ్లించడం చట్టరీత్యా నేరం, లైను మీ పేరు మీద ఉంది. తమ్ముడు వాట్సాప్‌లో చేసుకోవచ్చు.

చక్రం_బాబాయ్:
ఒకటి మరిచాం. ఈ సెట్ల నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు 0 కొట్టాలి, 2021 జనవరి 15 నుంచి అదే పద్ధతి. కార్డ్‌లెస్‌లో దాచిన నంబర్లన్నిటికీ 0 చేర్చుకోండి. కరెంటు పోతే రాగి లైనులా ఇది బతకదు, ఫైబర్ పెట్టెకు 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెట్టండి. కొనేముందు అడాప్టరు మీద ఆంపియర్లు చూసుకోండి. కార్డ్‌లెస్ బేసుకు కూడా కరెంటు కావాలి, కాబట్టి చీకట్లో కాల్ చేయడానికి కొట్లో ఉన్న బటన్ల సెట్టునే నమ్ముకోండి.