నా ఫ్యాన్‌ఫిక్షన్ పాత్ర మరీ గొప్పదైపోతోంది, ఎలా దిద్దాలి?

అందరికీ నమస్కారం. మాది కావలి. ఓ సముద్రపు దొంగల యానిమేకి (జపాన్ యానిమేషన్ సిరీస్) ఆరు నెలలుగా ఫ్యాన్‌ఫిక్షన్, అంటే దాని పాత్రలతో అభిమానిగా అల్లే సొంత కథ, రాస్తున్నాను. ఆ ఓడలోకి నేను సృష్టించిన పోలమ్మ ఎక్కుతుంది. జువ్వలదిన్నె తీరంలో వలలు బాగుచేస్తూ పెరిగిన పిల్ల. తెగిన వలకన్ను వేలితో తడిమి, చీకట్లోనే ముడి వేసేస్తుంది.

మొదటి 3 భాగాలూ ఇష్టంగా చదివారు. 4వ భాగంలో తుపాను నుంచి ఓడను తనే గట్టెక్కించింది. అప్పటి నుంచి అందరిదీ ఒకటే మాట, 'ఇది మేరీ స్యూ' అని. 1973లో స్టార్ ట్రెక్ టీవీ సీరియల్ అభిమానుల పత్రికలో వచ్చిన పేరడీ కథ నుంచి పుట్టిన పేరు అది. అన్నీ చేతనైన, అందరూ మెచ్చే పాత్రని అలా అంటారు. మళ్లీ చదివితే నాకూ నిజమే అనిపించింది.

దిద్దుదామని పోలమ్మకి ఎత్తులంటే భయం పెట్టాను, అతికించినట్టుంది. 5వ భాగంలో తనని ఓడించాను. ఓడలో వాళ్లంతా ఓదార్చడానికి చుట్టూ చేరారు, మళ్లీ కథంతా తన చుట్టూనే! తన మాటలు సగానికి కోస్తే మనిషే కనబడలేదు. పాత్రనే తీసేయమని స్నేహితురాలు అంది కానీ నాకు మనసొప్పడం లేదు.

సొంత పాత్రలు రాసేవాళ్లు చెప్పండి: వలపనిలో నేర్పు అలాగే ఉంచి, ఓడకి నిజంగా నష్టం తెచ్చే ఏ తప్పు 4వ భాగంలో పోలమ్మ చేత చేయించమంటారు?