హనుమకొండకు దగ్గరలోనే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ, ఉద్యోగం: ఎట్లా ప్లాన్ చేసుకోవాలి?

బీఎస్సీ_మైక్రో_ఫైనల్:
హనుమకొండలో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాది. ఇంటికి మూడు గంటల ప్రయాణం దాటి వెళ్లే వీలు లేదు. కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తే తర్వాత పరిశోధనకు పనికిరాదంటున్నారు, నిజమేనా? పరిశోధనా, కంపెనీనా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలా?

తార్నాక_ల్యాబ్:
పనికిరాదన్న మాట తప్పు. సీటు ఎక్కడ అన్నదానికంటే నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు ఎక్కడ చేశారన్నదే ఇంటర్వ్యూలో ఎక్కువ అడుగుతారు.

ముందు మ్యాప్ చూడండి. వరంగల్ బస్సు ఉప్పల్ మీదుగానే నగరంలోకి వస్తుంది. డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ ఉప్పల్లోనే ఉంది. హబ్సిగూడలో సీసీఎంబీ (కణ జీవశాస్త్ర సంస్థ), తార్నాకలో ఐఐసీటీ (రసాయన సంస్థ), ఎన్‌ఐఎన్ (పోషకాహార సంస్థ), ఆ పక్కనే ఉస్మానియా. అన్నీ మీ వైపే. హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ), ఎన్‌ఐఏబీ (పశు బయోటెక్నాలజీ సంస్థ) గచ్చిబౌలి వైపు, నగరం మొత్తం దాటాలి.

కాకతీయ, ఉస్మానియా రెండింటికీ పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ఒక్కటే: 90 నిమిషాలు, 100 ప్రశ్నలు, నెగెటివ్ లేదు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. హెచ్‌సీయూ బయోటెక్నాలజీకి గాట్-బీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో బీ భాగంలో 100 ప్రశ్నలిచ్చి 60 రాయమంటారు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకు 1 పోతుంది. అక్కడ గుడ్డిగా గుర్తు పెడితే నష్టమే.

ప్రాజెక్టు కోసం జనవరిలో అడిగితే అప్పటికే బెంచీలు నిండిపోయి ఉంటాయి. జులై, ఆగస్టుల్లోనే సైంటిస్టుకు నేరుగా మెయిల్ పెట్టండి. ఆ ల్యాబ్ పేపరు ఒకటి చదివి, అందులో ఏ ప్రయోగం నేర్చుకోవాలనుందో రెండు వాక్యాల్లో రాయండి. ఒకే మెయిల్‌ను యాభై మందికి పంపితే చూడగానే తెలిసిపోతుంది, జవాబు రాదు.

క్యూసీ_మైక్రో:
కంపెనీ వైపు సంగతి చెప్తాను. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి మీకు బాగా దగ్గర. చర్లపల్లి కాజీపేట లైను మీదే ఉంది, 2025 జనవరిలో అక్కడ కొత్త టెర్మినల్ కూడా మొదలైంది. బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ మాత్రం శామీర్‌పేట దాటి తుర్కపల్లి దగ్గర. అక్కడ షిఫ్టులుంటే రోజూ హనుమకొండ నుంచి వచ్చిపోవడం కుదరదు, రూం తీసుకుని వారాంతంలో ఇంటికి వెళ్లాల్సిందే.

మైక్రోబయాలజీ చదివినవాళ్లకు క్యూసీ (మందుల నాణ్యత పరీక్షలు) మంచి దారి. ఇంటర్వ్యూలో నిర్వచనాలకంటే పని అడుగుతారు. గ్రోత్ ప్రమోషన్ టెస్టులో (సూక్ష్మజీవులను పెంచే మీడియా సరిగా పనిచేస్తుందా అని చూసేది) 100 సీఎఫ్‌యూకు (కాలనీ కట్టగల సూక్ష్మజీవులకు) మించకుండా ఎందుకు వేస్తారు? ఎక్కువ వేస్తే బలహీనమైన మీడియా మీద కూడా పెరుగుదల కనిపిస్తుంది, లోపం బయటపడదు. స్టెరిలిటీ టెస్టు (సూక్ష్మజీవులు లేవని చూసేది) 14 రోజులు: ఎఫ్‌టీఎం అనే మీడియా 30–35 డిగ్రీల్లో, ఎస్‌సీడీఎం అనే మీడియా 20–25లో.

ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థం) ఉంటే జెల్ కట్టే జెల్ క్లాట్ టెస్టులో ఎక్కువగా జరిగే తప్పు ట్యూబును మధ్యలో కదపడం. 37 డిగ్రీల్లో గంటసేపు కదలకుండా ఉంచాలి. కదిపితే కడుతున్న జెల్ విరిగి, పాజిటివ్ కావాల్సింది నెగెటివ్‌గా కనిపిస్తుంది. మరొకటి: ఆటోక్లేవ్ చేసిన గాజు సామాను ఈ టెస్టుకు చాలదు. బ్యాక్టీరియా చచ్చినా ఎండోటాక్సిన్ మిగులుతుంది. 250 డిగ్రీల పొడి వేడిలో 30 నిమిషాలు పెట్టాలి. ఇవి కారణాలతో సహా చెప్పగలిగితే ఫ్రెషర్ అని పక్కన పెట్టరు.

రీడింగ్ అప్పటికప్పుడే రిజిస్టర్‌లో రాసే అలవాటు ఇప్పటినుంచే చేసుకోండి. చిత్తుకాగితం మీద రాసి సాయంత్రం ఎక్కిస్తే ఆడిట్‌లో అది పెద్ద తప్పు.

బీఎస్సీ_మైక్రో_ఫైనల్:
చాలా థాంక్స్ అండీ. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షకు ఎప్పటినుంచి చదవాలి? కాకతీయలోనే పీహెచ్‌డీ చేస్తే గైడును ఎట్లా ఎంచుకోవాలి?

జేఆర్‌ఎఫ్_నోట్స్:
ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ నుంచే. లైఫ్ సైన్సెస్ పేపరు 200 మార్కులు. సీ భాగంలో 75 ప్రశ్నలిస్తారు, 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4. అందుకే 13 యూనిట్లూ పైపైన చదవడం దండగ. మీరైతే 1, 3, 4, 8, 13 లోతుగా చూడండి. పార్ట్ ‘ఎ’లోని 30 మార్కులను చాలామంది వదిలేస్తారు, అవి పదో తరగతి లెక్కలు, గ్రాఫులే. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు పోతుంది.

నెట్‌తో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. అది చేతిలో ఉంటే ఇంటి దగ్గరి యూనివర్సిటీలో చేరినా జీతం కోసం ఎవరినీ అడగక్కర్లేదు.

గైడు విషయంలో మూడు చూడండి. ఖాళీ ఉందా: యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపే ఉంటే కొత్తవాళ్లను తీసుకోకూడదు. కెమికల్స్ కొనడానికి నడుస్తున్న ప్రాజెక్టు ఉందా అన్నది ఇంకా ముఖ్యం. అది లేకపోతే ప్రైమర్లకు, కిట్లకు ఫెలోషిప్ డబ్బే ఖర్చవుతుంది. ఇవన్నీ గైడును కాదు, ఆ ల్యాబులో ఇప్పుడున్న స్కాలర్లను అడగండి. రియల్‌టైమ్ పీసీఆర్ మెషిన్ అక్కడే ఉందా, శాంపిల్స్ హైదరాబాద్ పట్టుకెళ్తున్నారా అన్నది కూడా వాళ్లే చెప్తారు.