సమస్యాపూరణం: “నూలుపోగు తిన్న నోరు మురిసె”

శ్రీకాకుళం నుంచి, సమస్య ఇస్తూ

పద్యమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు అల్లాలి:

నూలుపోగు తిన్న నోరు మురిసె

నూలు–పోగు–తిన్న–నోరు–మురిసె. అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, నూ–నో.

ఇది పనిగట్టుకుని అల్లింది కాదు, మా వంటింట్లో పుట్టింది. మొన్న ఆదివారం రాత్రి మా అమ్మాయి పాస్తా కావాలని పట్టుబట్టింది. పొడుగు రకం, స్పగెట్టి ప్యాకెట్టు తెచ్చాను. అన్నం వండే గిన్నెలో నిలబెడితే సగం పైగా బయటికే ఉండిపోయింది. విరవొద్దని అమ్మాయి మంకుపట్టు. మెత్తబడితే అదే దిగుతుందిలే అని ఇటు తిరిగి ఉల్లిపాయ తరుగుతున్నాను, కాలిన వాసన వచ్చింది. అంచు మీంచి వాలిన కొసలకి గ్యాస్ మంట అంటుకుని అగరొత్తుల్లా ఎర్రగా వెలుగుతున్నాయి!

అప్పుడే మా అమ్మ గుమ్మంలోకి వచ్చింది. పొందూరులో పుట్టిన మనిషి. వాలుగ చేప దవడతో కొండపత్తి ఏకి, రాట్నం మీద సన్న నూలు తీసిన చేతులు ఆమెవి. గిన్నెలోకి వంగి చూసి, “ఇదేటిరా, నూలుపోగులు ఉడకబెడతన్నావేటి?” అంది. రెండో వాయి పెద్ద గిన్నెలో వేస్తే కుదిరింది. అమ్మ నాలుగు పోగులు నోట్లో పెట్టుకుని నమిలి, నవ్వి, ఇంకొంచెం పెట్టమంది. ఆ నవ్వే ఈ సమస్య. పూరించండి.

ఆమదాలవలస నుంచి

పిల్ల పట్టు పట్టె, పెనుగిన్నె పొయిమీద
నిలిపి యుప్పు వేసి నీరు పోసి
తీగలట్టి పాస్త తీర్చి వడ్డించగా
నూలుపోగు తిన్న నోరు మురిసె

బొబ్బిలి మేష్టారు

గణాలు, యతులు నిర్దుష్టంగా ఉన్నాయి. నడక హాయిగా ఉంది. కానీ బాబూ, సమస్యలో చిక్కు ఎక్కడుంది? నూలు తినడం ఏమిటన్న దగ్గర. మూడో పాదంలో తీగ అనేశాక నాలుగో పాదంలో నూలు ఎక్కడినుంచి వస్తుంది? మా ఊరివాళ్ళకి తీగ అంటే వీణ గుర్తొస్తుంది, నూలు కాదు. ఆ ముడి విప్పే మాట మూడో పాదంలోనే పడాలి. ఇలా చూడండి:

దారమట్టి పాస్త దయతోడ వడ్డింప

దా–ద యతి నిలిచింది, దారం నుంచి నూలుకి దారీ పడింది.

ఆమదాలవలస నుంచి

చిత్తం మేష్టారూ. మార్చుకున్నాను. వీణ సంగతి నాకు తట్టలేదు.

విజయనగరం నుంచి, గంటస్తంభం దగ్గర ఉండే సోదరి

మాదీ జరిగిన కథే. బియ్యంలాగే ఎసరు కొలిచి పోసి, మూత పెట్టి, బట్టలు ఆరేయడానికి మేడెక్కాను.

అత్తెసరును బెట్ట నడుగంటె ముద్దయై
పాస్త, గరిట విరిగె, బావు నవ్వె
మరల వండి గంజి మరి వార్చి వడ్డింప
నూలుపోగు తిన్న నోరు మురిసె

శ్రీకాకుళం నుంచి, సమస్య ఇచ్చినవారు

అమ్మా, ఈ పద్యం నాకు ఎంతో నచ్చింది. పాస్తాకి అత్తెసరు పెట్టడమన్న ఒక్క మాటలో పొరపాటంతా చెప్పేశారు. అత్తెసరులో నీళ్ళన్నీ గింజే పీల్చుకుంటుంది. పాస్తా గోధుమ రవ్వతో చేసింది, ఉడికేటప్పుడు పిండి నీళ్ళలోకి వదులుతుంది. నీళ్ళు తక్కువైతే ఆ పిండే జిగురై పోగుని పోగుకి అతికిస్తుంది. నూరు గ్రాముల పాస్తాకి లీటరు నీళ్ళు, పది గ్రాముల ఉప్పు ఉండాలి. మన అమ్మలు గంజి వార్చి వండిన అన్నం పద్ధతే ఇది. వార్చిన గంజి ఒక గరిటెడు దాచి సాసులో కలిపితే సాసు పోగుకి పట్టుకుంటుంది. మొన్న నేను మొత్తం తూములో పారబోసి, పళ్ళెం అడుగున టమాటా నీళ్ళు వేరుగా తేలడం చూశాను.

పా–బా యతి చక్కగా పడింది. ‘బావు’ అన్న మన మాట అక్కడ యతికోసం తెచ్చినట్టు లేదు, ఇంట్లోంచి నడిచి వచ్చినట్టుంది. ఒక్కటే వెలితి. ‘మరల’ అన్నాక ‘మరి’ ఎందుకు? యతికోసం వచ్చిన వ్యర్థపదం. ఇలా అంటే?

సిబ్బి పెట్టి గంజి శీఘ్రమే వార్చగా

ఇక్కడ శీఘ్రం పూరకం కాదు. పాస్తాకి ఒక్క నిమిషం ఆలస్యమైనా మెత్తబడిపోతుంది.

విజయనగరం సోదరి

సిబ్బి మాట విని ఎన్నాళ్ళయిందో! మా అత్తగారింట్లో అటక మీద ఇంకా ఉంది. అయితే మీ పాదంలో మళ్ళీ వండిన సంగతి పోయింది కదండీ? అడుగంటినదాన్నే వార్చినట్టు అర్థం రాదా?

శ్రీకాకుళం నుంచి, సమస్య ఇచ్చినవారు

నిజమే. నా సవరణలో ఆ లోపముంది. ‘మరి’ ఉన్నా సరే మీ పాదమే ఉండనివ్వండి, కథ చెడకూడదు.

పలాస నుంచి

జీడిపప్పు నూరి చిక్కని పాలలో
మిరియమింత చల్లి మీగడ వలె
పాస్త మీద పోసి కొత్తగా వడ్డింప
నూలుపోగు తిన్న నోరు మురిసె

చీజ్ దొరకలేదు, ఇంట్లో జీడిపప్పుకి కరువు లేదు.

బొబ్బిలి మేష్టారు

మొదటి రెండు పాదాలూ మీ ఊరి సువాసనతో ఉన్నాయమ్మా. మూడో పాదంలో పా–కొ, యతిభంగం. రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి అనుకుందామన్నా స్త–త్త కుదరవు. “పాస్త మీద పోసి పసివాడికివ్వగా” అంటే సరిపోతుంది.

రాజాం నుంచి

అందరూ పాస్త, పాస్త అంటున్నారు. స్పగెట్టి అన్న మాట పద్యంలో ఇమడదా?

శ్రీకాకుళం నుంచి, సమస్య ఇచ్చినవారు

స్ప–గె–ట్టి, లఘువు గురువు లఘువు. జగణం. ఆటవెలదిలో ఒక గణంగా దానికి చోటు లేదు. కానీ ముందు ఒక గురువు వేసి రెండు గణాల మధ్య విరిస్తే ఇముడుతుంది:

ఈ స్పగెట్టి తోడ నెన్ని పాట్లో కదా!

ఈస్ప–గెట్టి–తోడ, ఆపైన రెండు రగణాలు. యతి ఈ–ఎ. గిన్నెలో విరవకూడదు గానీ పద్యంలో విరిస్తేనే దిగింది.

బొబ్బిలి మేష్టారు

నా పూరణ కూడా పెడుతున్నాను. ఉడికిందో లేదో తెలియాలంటే గోడకి విసరాలని మా మనవడు ఎక్కడో చూశాడట.

గోడ మీద విసరె; గోడకే యంటెను;
బల్లి యదరి చూచి పారిపోయె;
పంట కొరికి చూచి పలుకుగా వార్చగా
నూలుపోగు తిన్న నోరు మురిసె

విజయనగరం సోదరి

మేష్టారూ, ‘పలుకుగా’ అన్న మాటకి దండం పెట్టాలి. ఇటలీవాళ్ళు పంటికి తగిలేలా ఉండాలంటారే, దానికి మన ఇళ్ళలో ఉన్న మాట అదే. అన్నం పలుకైతే తిడతాం, పాస్తా పలుకుగా ఉంటేనే పాస్తా. గోడకి అంటుకోవడం ఉడికినదానికి గుర్తు కాదు, మరీ మెత్తబడింది కూడా అంటుకుంటుంది. కొరికి చూడడమే సరైన దారి.

చిన్నదాన్ని, ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. మొదటి పాదంలో గోడ రెండుసార్లు వచ్చింది. “గోడపైన విసరె, కోరి యంటుకొనెను” అనొచ్చా?

బొబ్బిలి మేష్టారు

అనొచ్చు, అనాలి కూడా. ‘కోరి’తో గోడకీ ప్రాణం వచ్చింది. మార్చేశాను తల్లీ.

పొందూరు నుంచి

ఆలస్యంగా వచ్చాను.

మగ్గమెక్కలేదు మడతపెట్టగలేదు
గోధుమల జనించి కొలువు దీరె
పళ్ళెరాన ఖాది పడుగులా పరచిన
నూలుపోగు తిన్న నోరు మురిసె

బొబ్బిలి మేష్టారు

ఇదీ పూరణ! ఇది కాదు, అది కాదు అంటూ మొదలుపెట్టి రెండో పాదంలో గోధుమ దగ్గర ముడి విప్పారు. మూడో పాదం నాలుగోదానిలోకి అతుకు తెలియకుండా జారింది. ‘పడుగులా’ బదులు ‘పడుగట్లు’ అనమనే వాణ్ణే. కానీ వాడుకభాష కోసం పోరాడిన గిడుగువారు పుట్టిన జిల్లావారితో ‘లా’ తప్పని నేను అనలేను.

శ్రీకాకుళం నుంచి, సమస్య ఇచ్చినవారు

ఈ పద్యం రాత్రి మా అమ్మకి చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. విని, “బాగుందిరా. గాని పడుగంటే మగ్గం మీద బిగిసుండాల. పళ్ళెంలో మెత్తగా పడున్నది పడుగెలాగవుద్ది? ముల్లుగరిటికి చుడతన్నారు కదా, కండెకి పేక చుట్టినట్టు. అది పేక” అంది.

పడుగు నిలువు పోగు, పేక అడ్డం పోగు. నేను నోరెత్తలేదు. అయితే అక్కడ ‘పేకలా’ వేస్తే ‘పళ్ళెరాన’తో యతి పోతోంది. పొందూరు మిత్రమా, మీరే చూడాలి.

పొందూరు నుంచి

అమ్మగారికి పాదాభివందనం. మా ఇంట్లోనూ మగ్గముంది, నాకెందుకు తట్టలేదో. ఇదిగో:

మగ్గమెక్కలేదు మడతపెట్టగలేదు
గోధుమల జనించి కొలువు దీరె
పెద్ద పళ్ళెమందు పేకలా చుట్టిన
నూలుపోగు తిన్న నోరు మురిసె

ఖాది పోయింది, పేక వచ్చింది. అమ్మగారికి వినిపించి ఏమన్నారో చెప్పండి.

శ్రీకాకుళం నుంచి, సమస్య ఇచ్చినవారు

వినిపించాను. “ఇప్పుడు సరిపోనాది” అంది.