అప్‌డేట్: ట్యూబ్ ఆంప్ నుంచి డిజిటల్‌కి మారాను

పర్లాకిమిడి నుంచి బరంపురం, గుణుపురం ప్రోగ్రాములకు 29 కిలోల ఫెండర్ ట్విన్ రివర్బ్ (గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే గిటార్ ఆంప్లిఫయర్) మోయలేకపోతున్నాను, డిజిటల్‌కి మారొచ్చా అని ఇదివరకు ఇక్కడ అడిగాను. మారాను. అదే ట్విన్ శబ్దాన్ని ట్యూబులు లేకుండా చిప్‌తో అనుకరించే, 2019లో వచ్చిన టోన్ మాస్టర్ ట్విన్ తీసుకున్నాను. బరువు 15 కిలోలే, ఒంటి చేత్తో పట్టుకుని బస్సెక్కుతున్నాను.

క్లీన్ టోన్‌లో, అంటే గరగర లేని శబ్దంలో, పెద్ద తేడా లేదు. తీగను గట్టిగా మీటినప్పుడు మాత్రం తెలుస్తుంది. ట్యూబుల్లో నోటు మొదట కాస్త అణిగి, తర్వాత పొంగుతుంది. ఇందులో ఆ పొంగు తక్కువ. మా కీబోర్డ్ అన్నకి అదేం వినపడలేదు, నా వేళ్లకే తెలుస్తోంది.

అసలు లాభం వెనకున్న పవర్ నాబ్. 85 వాట్ల నుంచి 1 వాట్ దాకా తగ్గించుకోవచ్చు. పాతదాంట్లో గిటార్‌కి గరగర (డిస్టార్షన్) రావాలంటే వాల్యూమ్ బాగా పెంచాల్సిందే, కల్యాణమండపంలో పెద్దవాళ్లు చెవులు మూసుకునేవారు. ఇప్పుడు చిన్న సౌండ్‌లోనే వస్తోంది. లైన్ అవుట్ నేరుగా మిక్సర్‌కి ఇస్తే ఆంప్ ముందు మైకు కూడా అక్కర్లేదు.

పాతది అమ్మొద్దని మీలో చాలామంది అన్నారు, అమ్మలేదు. రికార్డింగ్‌కి నాకు ఇప్పటికీ అదే కావాలి. దాని నాలుగు 6ఎల్6 ట్యూబులు మార్చి, బయాస్ (ట్యూబుల్లో పారే కరెంటు మోతాదు) సరిచూసే మెకానిక్ బరంపురంలో గానీ విశాఖలో గానీ తెలిస్తే చెప్పండి.