చీమకుర్తి ఆఫీసు, ఒంగోలు ఇల్లు: 3389 తెరవడమా, వీపీఎన్నా, ఎనీడెస్కా?

ఒంగోలు_అకౌంట్స్:
చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసు. టాలీ ప్రైమ్ డేటా ఉన్న మెషీన్ ఒకటి, స్టాఫ్ మెషీన్లు నాలుగు, అన్నీ విండోస్ 11 ప్రో. ఒంగోలులో ఇంటి నుంచి ఇద్దరు అకౌంటెంట్లు రాత్రిళ్లు ఎంట్రీలు వెయ్యాలి, డిజిటల్ సిగ్నేచర్‌తో రిటర్నులు ఫైల్ చెయ్యాలి. రౌటర్లో రిమోట్ డెస్క్‌టాప్ (ఇంటి నుంచి ఆఫీసు మెషీన్ నడిపే విండోస్ సదుపాయం) పోర్టు 3389 తెరిస్తే చాలని నెట్ పెట్టినవాళ్లు, వీపీఎన్ (ఇంటికీ ఆఫీసుకీ మధ్య నెట్ మీద రహస్య దారి) లేకుండా ముట్టుకోనని సిస్టమ్స్ అబ్బాయి, ఎనీడెస్క్ (దూరం నుంచి స్క్రీన్ చూపే యాప్) ఉండగా ఇదంతా ఎందుకని ఆడిటర్ ఆఫీసు. ఎవరి మాట వినాలి?

నెల్లూరు_రౌటర్:
3389 మాత్రం తెరవొద్దన్నా. అది రిమోట్ డెస్క్‌టాప్ పోర్టని ప్రపంచమంతా తెలుసు, రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. ఇప్పటికే తెరిచి ఉంటే ఈవెంట్ వ్యూయర్లో సెక్యూరిటీ లాగ్ తీసి 4625 నంబరు చూడండి, తప్పిన లాగిన్లన్నీ అక్కడే పడతాయి. అడ్మిన్, యూజర్, టాలీ అని వరసబెట్టి పేర్లు మారుస్తూ కొడుతుంటారు. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ లోపానికైతే పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, విండోస్ 7 మెషీన్లోకి నేరుగా వచ్చేయొచ్చు. పోర్టు నంబరు మార్చి 45000 పెట్టినా వెతికేవాడికి కాస్త ఆలస్యం, అంతే.

కావలి_సిస్టమ్స్:
కొంచెం ఎక్కువ భయపెడుతున్నారు. బ్లూకీప్ పాత విండోస్‌ది, విండోస్ 11కి అంటదు. పైగా 22హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా వేసిన విండోస్ 11లో పదిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే ఖాతా పది నిమిషాలు లాక్ అవుతుంది. నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (స్క్రీన్ తెరవకముందే పాస్‌వర్డ్ అడిగేది) ఆన్‌లో ఉంచి, పెద్ద పాస్‌వర్డ్ పెట్టి, రౌటర్లో ఇంటి ఐపీ ఒక్కదానికే అనుమతిస్తే ఏమీ కాదు. చిన్న ఆఫీసుకి వీపీఎన్ మెయింటెయిన్ చేసేదెవరు?

నెల్లూరు_రౌటర్:
ఇంటి ఐపీ ఒక్కదానికే అనే షరతు నిలబడితే మీ మాట ఒప్పుకుంటా. ఇంటి కనెక్షన్‌కి స్థిరమైన ఐపీ ఎక్కడుందన్నా? రౌటర్ ఆపి పెడితే మారిపోతుంది. ఆ షరతు తీసేస్తే మీరు చెప్పిన లాకే మెడకు చుట్టుకుంటుంది. లాక్ పడేది ఖాతా మీద, కొట్టినవాడి మీద కాదు. బయటివాడు అకౌంటెంట్ యూజర్ పేరు పట్టుకుని కొడుతూనే ఉంటే అసలు అకౌంటెంట్ లోపలికి రాలేడు. జీఎస్టీ 3బీ రిటర్నుకి ఆఖరి రోజైన 20వ తేదీ రాత్రి అలా జరిగితే?

చీమకుర్తి_ఫైబర్:
వాదించుకునే ముందు ఆఫీసుకి పబ్లిక్ ఐపీ ఉందో లేదో చూడండయ్యా. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి లైన్ అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నట్టే. అంటే కంపెనీవాడు ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచుతున్నాడు. అప్పుడు పోర్టు తెరిచినా బయటినుంచి ఒక్క ప్యాకెట్ రాదు. స్టాటిక్ ఐపీ కొనాలి, లేదా టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ పెట్టాలి. అది రెండువైపుల నుంచీ బయటకే కనెక్ట్ అవుతుంది కాబట్టి సీజీన్యాట్ అడ్డురాదు.

దర్గామిట్ట_ఆడిట్:
ఎనీడెస్క్ కూడా అంతే, పోర్టు గొడవే లేదు. ఇంకో మాట ఎవరూ చెప్పలేదు. సిగ్నేచర్ టోకెన్ (డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ పుల్ల) ఆఫీసు మెషీన్‌కి గుచ్చి ఉంచి, ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో తెరిస్తే టోకెన్ కనబడదు. పోర్టల్లో ఎంత రిఫ్రెష్ కొట్టినా సర్టిఫికెట్ లేదనే వస్తుంది. డ్రైవర్ పాడైందనుకుని తీసి మళ్లీ వేస్తూ ఉంటారు, తప్పు డ్రైవర్‌ది కాదు. ఎనీడెస్క్ ఆఫీసులో కూర్చున్నవాడి స్క్రీనే చూపిస్తుంది కాబట్టి టోకెన్ పనిచేస్తుంది.

నెల్లూరు_రౌటర్:
టోకెన్ విషయం నూటికి నూరు పాళ్లు నిజం. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ స్మార్ట్‌కార్డుని (విండోస్‌కి టోకెన్ కూడా అదే) మీ ముందున్న ల్యాప్‌టాప్‌లో వెతుకుతుంది, ఆఫీసు మెషీన్లో కాదు. అందుకే టోకెన్‌ని ఇంటి ల్యాప్‌టాప్‌కి గుచ్చాలి. కనెక్షన్ సెట్టింగుల్లో లోకల్ రిసోర్సెస్, మోర్ నొక్కి స్మార్ట్‌కార్డులకి టిక్ పెట్టాలి, టోకెన్ సాఫ్ట్‌వేర్ రెండు చోట్లా ఉండాలి. సంతకం చేసేవాడి టోకెన్ రాత్రంతా ఖాళీ ఆఫీసులో వేలాడటం కన్నా అదే మంచిది.

ఎనీడెస్క్ సర్వర్లలోనే చొరబాటు జరిగిందని 2024 ఫిబ్రవరిలో బయటపడింది, పాస్‌వర్డ్లు మార్చుకోమని వాళ్లే చెప్పారు. ఉచితం సొంత వాడకానికే, వ్యాపారానికి లైసెన్స్ కొనాలి. ఆడిటర్ అప్పుడప్పుడు చూసుకోడానికి సరే గానీ, రోజూ రాత్రి పనికి నా ఓటు వీపీఎన్‌కే.

ఒంగోలు_అకౌంట్స్:
వీపీఎన్ ఉంటే ఇంటి ల్యాప్‌టాప్‌లోనే టాలీ వేసి, ఆఫీసు డేటా ఫోల్డర్ తెరుచుకోవచ్చు గదా?

కావలి_సిస్టమ్స్:
అది మాత్రం చెయ్యొద్దు, ఇక్కడ నెల్లూరన్న పక్షమే నేను. టాలీ చిన్న చిన్న ముక్కలుగా వేలసార్లు ఫైల్ చదువుతుంది. ఆఫీసు ల్యాన్‌లో ఒక్కో ముక్కకి మిల్లీసెకను కూడా పట్టదు, నెట్ మీద 30 పట్టిందంటే వోచర్ సేవ్ కావడానికి దిక్కులు చూడాలి. రాసేటప్పుడు లైన్ తెగిందా, కంపెనీ డేటా చెడి రిపేర్ కొట్టాలి. డేటా ఆఫీసులోనే ఉండాలి, స్క్రీన్ మాత్రమే ఇంటికి రావాలి. విండోస్ 11 ప్రోలో ఒక మెషీన్‌కి ఒక్కరే రావచ్చు కాబట్టి, ఇద్దరికీ స్టాఫ్ మెషీన్లు చెరొకటి కేటాయించండి, టాలీ మెషీన్‌ని వదిలెయ్యండి. ఒకే మెషీన్లో ఇద్దర్ని దూర్చే ప్యాచ్‌లు దొరుకుతాయి, లైసెన్స్‌కి విరుద్ధం, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చెడతాయి.

సరే, వీపీఎన్ అంటే ఏది? రౌటర్లో పీపీటీపీ అనే పాత వీపీఎన్ పద్ధతి ఉంది, రెండు క్లిక్కుల్లో అయిపోతుంది.

నెల్లూరు_రౌటర్:
పీపీటీపీ వద్దు, దాని పాస్‌వర్డ్ పద్ధతిని 2012లోనే పూర్తిగా ఛేదించారు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టండి. రౌటర్‌ఓఎస్ 7 ఉన్న మైక్రోటిక్ రౌటర్లో ఉంది, లేకపోతే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ చాలు. యూడీపీ పోర్టు 51820 ఒక్కటే తెరవాలి. సరైన కీ లేనివాడికి అది జవాబే ఇవ్వదు, వెతికేవాడికి అక్కడ ఏదీ లేనట్టే ఉంటుంది. 3389కీ దీనికీ తేడా అదే.

ముందుగా ఆఫీసు ఐపీ వరస మార్చండి. ఆఫీసులోనూ ఇంట్లోనూ 192.168.1 ఉంటే టన్నెల్ (వీపీఎన్ దారి) లేచినా ప్యాకెట్ ఇంటి రౌటర్ దగ్గరే తిరుగుతుంది. ఆఫీసుని 192.168.77 చెయ్యండి. ప్రింటర్, వేలిముద్రల హాజరు మెషీన్, టాలీ క్లయింట్లలో ఐపీగా రాసిన లైసెన్స్ సర్వర్ అడ్రసు చేత్తో మార్చాలి, సాయంత్రం అందరూ వెళ్లాక పెట్టుకోండి. మనిషికో కీ ఇవ్వండి, ఇద్దరికీ ఒకటే ఇస్తే ఒకరు రాగానే రెండోవారు తెగిపోతారు. ఉద్యోగం మానేసినవాళ్ల కీ ఆ రోజే తీసెయ్యాలి. ల్యాప్‌టాప్ వైపు అలౌడ్ ఐపీస్‌లో (వీపీఎన్ మీదుగా వెళ్లాల్సిన అడ్రసుల జాబితా) వాళ్ల మెషీన్ ఒక్కటే, 192.168.77.21/32 లాగా రాయండి. ఇంట్లో పిల్లల వీడియోలు ఆఫీసు లైన్ మీద పడవు. దారి మూసుకుపోకుండా పంపే కీప్‌అలైవ్ 25 సెకన్లు.

చీమకుర్తి_ఫైబర్:
లాగిన్ అయ్యి నల్ల స్క్రీన్ దగ్గర ఆగిపోతే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూడండి. వైర్‌గార్డ్ 1420 తీసుకుంటుంది, పీపీపీఓఈ లైన్ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో కలిసేది) మీద 1412 దాటకూడదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద 1280 పెడితే సాధారణంగా కదులుతుంది.

కావలి_సిస్టమ్స్:
కరెంటు సంగతి మర్చిపోయారు. నవంబరు వానల్లో కరెంటు పోయి వస్తే మెషీన్ ఆగే ఉంటుంది. బయాస్‌లో (విండోస్‌కి ముందు వచ్చే సెట్టింగుల్లో) కరెంటు రాగానే ఆన్ అయ్యేలా పెట్టి, విండోస్‌లో స్లీప్ తీసెయ్యండి. ఫైబర్ పెట్టె, రౌటర్ రెండూ ఇన్వర్టర్ లైన్లో ఉండాలి. మెషీన్‌ని ఇంటి నుంచి లేపుదామని వేక్ ఆన్ ల్యాన్ సంకేతం పంపితే వైర్‌గార్డ్ దాటదు, అది ల్యాన్‌లోపలి బ్రాడ్‌కాస్ట్. మైక్రోటిక్‌లోకి లాగిన్ అయ్యి అక్కడినుంచే పంపాలి, ఆ మెషీన్ మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డు నంబరు) ముందే రాసి పెట్టుకోండి.