గుంటూరులో 'మహల్' (1949) ప్రదర్శన: నలుపు బూడిదలా, పాట మోతలా వస్తోంది

బ్రాడీపేట ప్రేక్షకుడు:
అపార్ట్‌మెంట్ హాల్లో శనివారం సాయంత్రం కమాల్ అమ్రోహీ తీసిన 'మహల్' సినిమా వేస్తున్నాం. హాలు 30×20 అడుగులు, గ్రానైట్ నేల, రెండు వైపులా కిటికీలు. వచ్చేది 40 మంది, సగం పెద్దవాళ్లే. అద్దెకు తెచ్చినవి 3000 ల్యూమెన్ల (కాంతి కొలత) ప్రొజెక్టర్, 8×6 అడుగుల తెర, రెండు స్పీకర్లు. ట్రయల్ వేస్తే, బంగళాలో అశోక్ కుమార్ తన పోలికలే ఉన్న పటాన్ని చూసే చోట నలుపంతా బూడిద రంగులో ఉంది. మధుబాల మొహం అడ్డంగా సాగింది. 'ఆయేగా ఆనేవాలా' పాట మొదట్నుంచీ ఒకే స్థాయిలో గట్టిగా వస్తోంది, పైగా హాలంతా మోత. ఏం మార్చాలి?

బెజవాడ టాకీసు:
5000 ల్యూమెన్లది తెచ్చుకోండి, సరిపోతుంది.

తెరచాటు:
పైన చెప్పింది వద్దండీ. వెలుగు పెంచితే ఆ బూడిద ఇంకా తేలుతుంది. లెక్క చూడండి: చదరపు అడుగుకు 16 ల్యూమెన్లు పడితే థియేటర్ వెలుగు. మీ తెర 48 చదరపు అడుగులు, అంటే 768. బొమ్మ 4:3 (వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు) కాబట్టి వెడల్పాటి ప్రొజెక్టర్‌లో మూడొంతుల కాంతే తెర మీద పడుతుంది, కనుక దాదాపు 1020 కావాలి. సినిమా మోడ్‌లో డబ్బా మీద అంకెలో సగం వచ్చినా మీది ఎక్కువే.

మొహం సాగడానికి కారణం ప్రొజెక్టర్‌లో బొమ్మ ఆకారం 'ఫుల్' లేదా 'స్ట్రెచ్' అని ఉండడం. దాన్ని 4:3కి మార్చండి. అప్పుడు బొమ్మ 6×4.5కి కుంచించుకుపోతుంది, కంగారు పడొద్దు. ప్రొజెక్టర్‌ని వెనక్కి జరిపి ఎత్తు 6 అడుగులు నిండేలా చేయండి, తెర మొత్తం నిండుతుంది. పక్కల ఖాళీ పట్టీలు చెరో అడుగున్నర దాకా గోడ మీద పడతాయి. అక్కడ నల్లగుడ్డ కట్టకపోతే ఆ మసక వెలుగు కంటికి అడ్డం.

ఇక నలుపు. ల్యాప్‌టాప్ నలుపు నుంచి తెలుపు దాకా 16–235 అంకెల్లో పంపుతుంటే ప్రొజెక్టర్ 0–255 అనుకుని చదివితే అచ్చం మీరు చెప్పిన బూడిదే వస్తుంది. రెండింట్లో ఒకే రేంజ్ పెట్టండి. తారుమారైతే నలుపు ముద్దకట్టి పటంలో మనిషే మాయమవుతాడు. తర్వాత ఆ పటం దగ్గర పాజ్ చేసి బ్రైట్‌నెస్ తగ్గించుకుంటూ రండి, జుట్టులో గీతలు కనబడడం మానేసే ముందు ఆగండి. రంగు సున్నా. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ ఆఫ్. జోసెఫ్ వర్షింగ్ కెమెరా పనితనమంతా ఆ నీడల్లోనే ఉంది, వాటిని పోగొట్టుకోవద్దు. కిటికీలకు నల్లగుడ్డ రెండు పొరలు వేయండి. వరండా ట్యూబ్‌లైట్ ఒక్కటి తలుపు సందులోంచి పడినా ఈ కష్టమంతా వృథా.

కృష్ణలంక సౌండ్:
పాట సంగతి నేను చెబుతా. ముందొచ్చే సాకీని లతా మంగేష్కర్ మైకుకు దూరంగా మొదలుపెట్టి, నడుచుకుంటూ దగ్గరికి వచ్చి పాడారు. ఎవరో చీకట్లోంచి వస్తున్నట్టు అనిపించేది అందుకే. ప్లేయర్‌లో 'వాల్యూమ్ లెవలింగ్', 'నైట్ మోడ్' లాంటివి ఆన్‌లో ఉంటే చిన్న గొంతును పెంచేసి, పెద్దదాన్ని నొక్కేసి ఆ దూరాన్ని చంపేస్తాయి. అన్నీ ఆపేయండి. వాల్యూమ్ మాటలకు తగ్గట్టు పెట్టి వదిలేయండి. సాకీ వినబడలేదని పెంచారా, పల్లవికి చెవులు గింగిర్లెత్తుతాయి.

సినిమా మోనో, అంటే శబ్దమంతా ఒకే ట్రాక్. స్పీకర్లు రెండు మూలలా పెడితే ఎవరి పక్కనున్నది వాళ్లకే మోగుతుంది. ఒక్కటే చాలు, తెర కింద నడిమధ్యన. 8 కిలోహెర్ట్జ్ పైన కొంచెం తగ్గించండి, అక్కడ పాట కంటే గరగరే ఎక్కువ. గుయ్యిమని వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. పోతే అది ఎర్తింగ్ తేడా, అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటివ్వండి. మోత గ్రానైట్ వల్ల. షామియానా వాళ్ల దగ్గర జంపఖానాలు తెచ్చి నేలంతా పరచండి, వెనక గోడకు మందపాటి దుప్పట్లు వేలాడదీయండి.

బ్రాడీపేట ప్రేక్షకుడు:
రేంజ్ మార్చగానే నలుపు వచ్చిందండీ, పటం అద్భుతంగా ఉంది. ఉర్దూ మాటలు పెద్దవాళ్లకు అర్థం కావు. తెలుగు సబ్‌టైటిల్స్ వేస్తే అక్షరాల బదులు డబ్బాలు వస్తున్నాయి.

తెరచాటు:
సబ్‌టైటిల్ ఫైల్‌ని యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు పట్టే ఎన్‌కోడింగ్)లో సేవ్ చేసి, ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ ఎంచుకోండి, నోటో సాన్స్ తెలుగు సరిపోతుంది. తెల్లటి అక్షరాలు వద్దు, చీకటి సీన్లో కన్ను వాటి మీదకే పోతుంది. లేత బూడిద రంగు పెట్టండి. రెండు వరుసలకు మించనివ్వొద్దు, మన ఒత్తులకి కింద జాగా కావాలి.

కృష్ణలంక సౌండ్:
నిడివి రెండున్నర గంటల పైనే. ఆరున్నరకి మొదలుపెట్టి, మధ్యలో పది నిమిషాలు ఆపినా పదిలోపు అయిపోతుంది. ప్రొజెక్టర్ వేడిగాలి వచ్చే వైపు అడుగున్నర ఖాళీ ఉంచండి, మన ఉక్కలో అది ఆగిపోయేది అక్కడే. ఫ్యాన్లు నెమ్మదిగా తిరగనివ్వండి, కానీ గాలి తెరకు తగలకూడదు. తెర అలలాడితే ఉయ్యాల మీద మధుబాల కూడా అలలాడుతుంది.

పరిచయం ఎవరు చెప్పినా ఆ పటం దగ్గరే ఆపమనండి. మధుబాల పాత్ర ఎవరన్నది మాత్రం నోరు జారకూడదు.